కిడ్నీలో రాళ్లు ఉంటే పాలు, పెరుగు మానేయాలా?

కిడ్నీలో రాయి ఉందని స్కానింగ్ రిపోర్టు రాగానే మన ఇళ్లలో మొదట ఆగిపోయేవి పాలు, పెరుగు. రాయిలో ఉన్నది క్యాల్షియం కాబట్టి క్యాల్షియం తినకపోతే రాయి పెరగదన్నది అందరి నమ్మకం. వినడానికి సబబుగానే ఉంటుంది. డాక్టర్లు కూడా ఒకప్పుడు ఏళ్ల తరబడి ఇదే చెప్పారు. అయితే ఈ సలహా తప్పని పరిశోధన తేల్చడం మొదలై ముప్పై ఏళ్లు దాటింది. అయినా రోజూ ఎవరో ఒకరు పెరుగన్నం మానేస్తూనే ఉన్నారు. మానేసి రాళ్లు తగ్గకపోగా ఎముకల బలం పోగొట్టుకుంటున్నారు. అందుకే ఇది కాస్త వివరంగా చెప్పుకోవాల్సిన విషయం.

అసలు రాయి ఎలా పుడుతుంది? క్యాల్షియం, ఆక్సలేట్, ఫాస్ఫేట్, యూరిక్ ఆమ్లం మూత్రంలో ఎప్పుడూ కరిగి ఉంటాయి. గ్లాసు నీళ్లలో ఉప్పు వేస్తూ పోతే ఒక దశ దాటాక ఇక కరగదు, అడుగున నిలుస్తుంది. మూత్రం చిక్కబడినప్పుడు కిడ్నీలో జరిగేదీ అదే. మూత్రంలో ఉండే సిట్రేట్ లాంటివి ఈ స్ఫటికాలు పెరగకుండా అడ్డుపడతాయి. అవి తక్కువైనవారికి రాళ్లు త్వరగా వస్తాయి. అమెరికాలో అలెగ్జాండర్ రాండల్ అనే డాక్టరు చనిపోయినవారి కిడ్నీలు పరిశీలించి, మూత్రం బొట్లుగా దిగే కొనల మీద తెల్లటి క్యాల్షియం మచ్చలు ఉన్నాయని, కొన్నిచోట్ల రాయి వాటిని పట్టుకునే పెరుగుతోందని 1937లో రాశారు. చాలా రాళ్లకు మొలక ఆ మచ్చ మీదేనని తర్వాతి పరిశోధనల్లోనూ తేలింది.

పది రాళ్లలో ఏడెనిమిది క్యాల్షియం ఆక్సలేట్ రాళ్లే. అసలు కిటుకు ఈ జంటలోనే ఉంది. పాలకూర పప్పుతో అన్నం తిన్నామనుకోండి. పాలకూరలో ఆక్సలేట్ బాగా ఎక్కువ, తోటకూరలోనూ అంతే. ఆ భోజనం చివర పెరుగు కూడా తింటే, పెరుగులోని క్యాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ను పట్టేసుకుంటుంది. రెండూ కలిసి కరగని పదార్థమై మలంతో బయటికి పోతాయి. పెరుగు మానేస్తే ఆక్సలేట్‌ను పట్టుకునేది ఉండదు. అది రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీలోకి చేరుతుంది. మూత్రంలో ఆక్సలేట్ కాస్త పెరిగినా రాయి పుట్టే అవకాశం పెరుగుతుంది. పప్పు, కూర తర్వాత పెరుగుతో భోజనం ముగించే మన అలవాటు కిడ్నీకి ఎంత మేలు చేస్తోందో ఆలోచించండి!

ఇది ఊహ మాత్రమే కాదు. అమెరికాలో 45 వేల మందికి పైగా మగవాళ్ల ఆహారాన్ని నాలుగేళ్లు గమనించి 1993లో ఫలితాలు ప్రచురించారు. ఆహారంలో క్యాల్షియం బాగా ఎక్కువ తీసుకున్నవారికి, బాగా తక్కువ తీసుకున్నవారి కంటే రాళ్ల ముప్పు సుమారు మూడో వంతు తక్కువగా కనిపించింది. ఆ తర్వాత ఇటలీలోని పార్మాలో లోరిస్ బోర్గి బృందం మాటిమాటికీ రాళ్లు వచ్చే 120 మంది మగవాళ్లను రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు క్యాల్షియం తగ్గించారు. రెండో జట్టుకు క్యాల్షియం మామూలుగానే ఇచ్చి ఉప్పు, మాంసం తగ్గించారు. 2002లో ప్రచురించిన లెక్క ప్రకారం ఐదేళ్లలో మొదటి జట్టు 60 మందిలో 23 మందికి, రెండో జట్టులో 12 మందికి రాళ్లు మళ్లీ వచ్చాయి. ఉప్పు, మాంసం కూడా తగ్గించారు కాబట్టి గొప్పంతా క్యాల్షియానిదే అనలేం. కానీ క్యాల్షియం తగ్గించినవారి మూత్రంలో ఆక్సలేట్ పెరగడం మాత్రం స్పష్టంగా కనిపించింది.

మరి క్యాల్షియం మాత్రలో? వాటి సంగతి వేరు. అమెరికా నర్సుల మీద జరిగిన అధ్యయనంలో మాత్రలు వాడేవారికి ముప్పు కొద్దిగా పెరిగింది. ఖాళీ కడుపుతో వేసుకుంటే పట్టుకోవడానికి అక్కడ ఆక్సలేట్ ఉండదు. డాక్టరు మాత్రలు రాస్తే భోజనంతో కలిపి వేసుకోవచ్చా అని తప్పకుండా అడగండి. విటమిన్ సి మాత్రలు పెద్ద మోతాదులో వేసుకోవడం కూడా మంచిది కాదు, శరీరంలో అందులో కొంత ఆక్సలేట్‌గా మారుతుంది.

ఇక మానుకోవాల్సింది ఏమిటంటే, నా ఉద్దేశంలో ముందు ఉప్పు. సోడియాన్ని బయటికి పంపేటప్పుడు కిడ్నీ దానితోపాటు క్యాల్షియాన్నీ వదిలేస్తుంది. టమాటా గింజలంటే భయపడేవాళ్లు ఆవకాయ, అప్పడాలు మాత్రం అడిగి వేయించుకుంటారు. నిజానికి టమాటాలో ఆక్సలేట్ తక్కువే. నిమ్మరసం మంచిదే, సిట్రేట్ ఇస్తుంది, కాకపోతే అందులో ఉప్పు వేసుకోకండి.

నీళ్ల విషయంలో ఎన్ని గ్లాసులు తాగామన్నది కాకుండా ఎంత మూత్రం పోశామన్నది చూసుకోవాలి. రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్లు రావాలి. మే నెల ఎండలో పొలం పనికి, మేస్త్రీ పనికి వెళ్లేవారికి తాగిన నీళ్లలో చాలాభాగం చెమటకే పోతుంది. మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని పార్మా బృందమే ఐదేళ్లు గమనించింది. నీళ్లు బాగా తాగమని చెప్పినవారిలో నూటికి 12 మందికి, మామూలుగా ఉన్నవారిలో 27 మందికి మళ్లీ రాయి వచ్చింది. గుండె జబ్బు, కిడ్నీ వైఫల్యం ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పినంతే తాగాలి.

చిన్న రాయికి అంత నొప్పి ఎందుకు? కిడ్నీలో ఉన్నంతకాలం అది నెమ్మదిగానే ఉంటుంది. మూత్రాశయానికి దిగే సన్నని గొట్టంలో ఇరుక్కుంటే వెనక మూత్రం నిలిచి కిడ్నీ ఉబ్బుతుంది. నడుము పక్క నుంచి గజ్జల దాకా పొడిచే నొప్పి అందువల్లే. ఐదు మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. కానీ నొప్పితో పాటు చలిజ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకండి. అడ్డు వెనక నిలిచిన మూత్రంలో ఇన్ఫెక్షన్ చేరితే ప్రాణం మీదికి వస్తుంది.

రాయి పడిపోయిందని దాన్ని పారేయకండి. నొప్పి ఉన్న రోజుల్లో మూత్రాన్ని టీ వడకట్టే జల్లెడ లాంటి దాంట్లో పట్టి, దొరికిన ముక్కను కడిగి ఆరబెట్టి, చిన్న డబ్బాలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అది యూరిక్ ఆమ్లం రాయి అయితే మూత్రంలో ఆమ్లం తగ్గించే మందుతో మిగిలిన రాళ్లను కరిగించే వీలుంది. ఇన్ఫెక్షన్ వల్ల ఏర్పడిన రాయి అయితే దాన్ని పూర్తిగా తీయించి, ఇన్ఫెక్షన్‌కు వేరే చికిత్స చేయాలి.