ఓడకీ ఒడ్డుకీ నడుమ

కాకినాడ జగన్నాథపురం వంతెన మీద నిలబడితే కింద కాలువలో బార్జీలు కనిపిస్తాయి. బియ్యం బస్తాలు నింపుకుని అవి సముద్రంలోకి వెళ్తాయి. ఒడ్డున లోతు చాలదు కాబట్టి ఓడలు దూరంగా, హోప్ ఐలాండ్ చాటున లంగరు వేసుకుంటాయి. సరుకే వాటి దగ్గరకు వెళ్లాలి. 1997లో డీప్ వాటర్ పోర్టు వచ్చాక పెద్ద ఓడలు బెర్తు దాకా వస్తున్నా ఈ పాత పద్ధతి ఆగలేదు.

ఒక బస్తా మిల్లు గుమ్మం దాటింది మొదలు ఓడలో దిగేదాకా ఎన్ని చేతులు మారుతుందో చూడండి. మిల్లరు, బ్రోకరు, లారీ, గోదాము, హమాలీ, బార్జీ యజమాని, క్లియరింగ్ ఏజెంటు, ఓడ తాలూకు ఏజెంటు, ఆ చివర ఆఫ్రికాలో ఎక్కడో కొనుగోలుదారు. దారిలో వానకి తడిస్తే నష్టం ఎవరిది? మిల్లు కాటాకీ రేవు కాటాకీ తేడా వస్తే ఏది నమ్మాలి? లోడింగు ఆలస్యమై ఓడ నిలిచిపోతే ఆ డెమరేజి ఎవరు కట్టాలి? ప్రతిదానికీ కోర్టుకెక్కితే ఓడ వెళ్లిపోతుంది, కేసు మిగులుతుంది. అలాంటి చోట వర్తకులందరినీ ఒకచోట కూర్చోబెట్టే సంఘం ఒకటి కావాలి. కాకినాడలో అది 1868లోనే ఏర్పడింది. పేరు కోకనాడ చాంబర్ ఆఫ్ కామర్స్. కోకనాడ అంటే కాకినాడకు ఇంగ్లీషువాళ్ల పేరు.

అంత తొందరగా ఎందుకు పుట్టిందంటే, ఊరు అంత తొందరగా ఎదిగింది. అంతకుముందు ఈ తీరంలో పెద్ద పేరు కోరంగిది. ఓడలు కట్టిన ఊరు అది. 1839 నవంబరు తుపాను దాన్ని తుడిచిపెట్టింది, మిగిలిన పని ఇసుక మేట చేసింది. వ్యాపారం ఉత్తరంగా కాకినాడకు జరిగింది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి కాలువలు సామర్లకోట మీదుగా సరుకును పడవల్లో రేవుకి చేర్చడం మొదలుపెట్టాయి. ఇంతలో 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. ఇంగ్లండు మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోయి మన పత్తికి ఎన్నడూ లేని ధర పలికింది. గుంటూరు, కృష్ణా ప్రాంతాల పత్తి ఈ రేవు నుంచే వెళ్లేది కాబట్టి లండన్ బజారులో దాని పేరే ‘కోకనాడ’ అయింది. పండించింది ఒక జిల్లా, పేరు కొట్టేసింది మరో జిల్లా! 1866లో మునిసిపాలిటీ, ఆ తర్వాత రెండేళ్లకే చాంబర్. మద్రాసు చాంబర్ 1836 నాటిది, కొచ్చిన్‌ది 1857 నాటిది. తెలుగు తీరంలో ఒక మామూలు జిల్లా పట్నం వాటి సరసన చేరడం చిన్న సంగతేమీ కాదు.

అయితే ఆ చాంబర్ మొదట్లో మనది కాదు. సభ్యులు ఐరోపా కంపెనీలవాళ్లు. పత్తి కొనిచ్చే కోమటి, బియ్యం తెచ్చే రైతు, బస్తా మోసే కూలీ, ఇక్కడ ఓడెక్కి రంగం (రంగూన్) పోయే వలస జనం, ఎవరికీ అందులో చోటు లేదు. దేశమంతా అదే తీరు. అందుకే భారతీయ వర్తకులు తమ సంఘాలు తాము పెట్టుకున్నారు. మద్రాసులో 1909లో సదరన్ ఇండియా చాంబర్ పుట్టింది, దాన్ని తొలినాళ్లలో నడిపింది పిట్టి త్యాగరాయ చెట్టి. 1928లో తెలుగు వర్తకుల కోసం ఆంధ్రా చాంబర్ ఆఫ్ కామర్స్ కూడా మద్రాసులోనే మొదలైంది. మన రాష్ట్రం కన్నా మన చాంబరే పెద్దదన్నమాట. ఇప్పుడు కాకినాడలో కోకనాడ చాంబర్‌తో పాటు గోదావరి చాంబర్ ఆఫ్ కామర్స్ కూడా ఉంది.

చాంబర్ ఉంటే ఊరు నిలుస్తుందన్న భరోసా మాత్రం లేదు. 1931లో రాయపూర్ నుంచి విశాఖ వైపు రైలు మార్గం పూర్తయింది, 1933లో విశాఖ హార్బర్ తెరుచుకుంది. మధ్య పరగణాల సరుకంతా అటు తిరిగింది. వినతిపత్రాలతో సముద్రాన్ని లోతు చేయలేం కదా. కాకినాడ మళ్లీ తేరుకోవడానికి అర్ధ శతాబ్దం పైగా పట్టింది. ఎరువుల కర్మాగారాలు, వాకలపూడి వైపు వంటనూనెల రిఫైనరీలు, కేజీ బేసిన్ గ్యాసు, వాటన్నిటి కన్నా ముఖ్యంగా బియ్యం దాన్ని నిలబెట్టాయి.

బియ్యం దగ్గరే చాంబర్ అవసరం ఏమిటో బాగా తెలుస్తుంది. 2022 సెప్టెంబరు 8న కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది. మర్నాటి నుంచే నూకల ఎగుమతి నిషేధం, తెల్ల బియ్యం మీద 20 శాతం సుంకం. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతినే ఆపేశారు. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం పడింది. దేశంలో ధరలు పెరగకుండా చూడటం ప్రభుత్వం బాధ్యత, అందులో తప్పు పట్టలేం. కానీ ఉత్తర్వు రాత్రి వస్తుంది, ఓడ అప్పటికే లంగరు మీద ఉంటుంది. సగం సరుకు ఎక్కింది, సగం బార్జీల్లో ఉంది. మిగతాది గోదాములో ఉంది, బ్యాంకు అప్పు దాని మీదే ఉంది.

జూలై ఉత్తర్వులో కొన్ని మినహాయింపులు ఇచ్చారు. అప్పటికే లోడింగు మొదలైన సరుకు వెళ్లవచ్చు. షిప్పింగ్ బిల్లు దాఖలై, ఓడ బెర్తు దగ్గరకో లంగరు దగ్గరకో చేరి, దానికి రొటేషన్ నంబరు వచ్చి ఉంటే ఆ సరుకూ వెళ్లవచ్చు. ఓడ వచ్చిందని పోర్టు అధికారులు ధ్రువీకరించాలి. అందులో ‘లంగరు’ అన్న ఒక్క ముక్క లేకపోతే కాకినాడ లాంటి యాంకరేజి రేవు గతి ఏమిటో ఊహించండి. ఢిల్లీలో రాసే కాగితంలో అలాంటి ముక్కలు చేరాలంటే ఈ తీరంలో సరుకు ఎలా ఎక్కుతుందో తెలిసినవాళ్లు ముందే చెప్పి ఉండాలి. ఒక్క ఎగుమతిదారు రాస్తే అది వాడి సొంత గోడు. మిల్లర్లు, ఏజెంట్లు, బార్జీలవాళ్లు కలిసి లెక్కలతో రాస్తే అది ఒక రేవు సమస్య. చాంబర్ లెటర్‌హెడ్‌కి ఉన్న విలువ అంతవరకే, కానీ ఆ విలువ చిన్నది కాదు. తెల్ల బియ్యం నిషేధం 2024 సెప్టెంబరు చివర్లో ఎత్తేశారు, నూకల మీద ఆంక్ష 2025 మార్చిలో పోయింది. ఈ రెండున్నరేళ్లలో పెద్ద వర్తకులు తట్టుకున్నారు. చిన్నవాళ్లకే ప్రతి ఉత్తర్వూ అర్థం చేసి చెప్పేవాళ్లు కావలసి వచ్చింది.

ఎగుమతులు చేయని మెయిన్ రోడ్డు దుకాణదారుకు చాంబర్‌తో పనేమిటి అని అడగవచ్చు. ఒక ఉదాహరణ చెబుతాను. సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర సరుకు కొన్నవాళ్లు రాత ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యం చేస్తే, చెల్లించేదాకా ఆ మొత్తాన్ని ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన అమల్లోకి వచ్చింది. కాజాల డబ్బాలకు అట్టపెట్టెలు చేసే చిన్న యూనిట్‌కి ఇది వరమే. కానీ అది తయారీదారులకు, సేవలందించేవారికే, కొని అమ్మే వర్తకులకు కాదు. చిన్న పరిశ్రమగా ‘ఉద్యం’ నమోదు లేకపోతే యూనిట్‌కీ దక్కదు. అడిగితే ఆర్డరు పోతుందన్న భయం ఎలాగూ ఉంది. ఒంటరిగా అడగలేనిది సంఘం పేరుతో అడగవచ్చు. చాంబర్ ఒక సాయంత్రం ఆడిటర్ని పిలిపించి దీన్ని తెలుగులో చెప్పిస్తే, ఏడాది పొడవునా వేసే శాలువాలన్నిటి కన్నా ఎక్కువ మేలు జరుగుతుంది. మంత్రిగారికి పూలగుచ్ఛం ఇచ్చే ఫొటో మర్నాడు పేపర్లో వస్తుంది, జీఎస్టీ నోటీసుకి జవాబు రాసిపెట్టిన సంగతి రాదు. చాంబర్లు మొదటిదానికే మొగ్గు చూపడానికి కారణం అదేనేమో.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. 2024 నవంబరు చివర్లో రేషన్ బియ్యం ఓడలెక్కుతోందన్న ఆరోపణలతో కాకినాడ రేవు పేరు రాష్ట్రమంతా మారుమోగింది. ఉప ముఖ్యమంత్రి స్వయంగా సముద్రంలోకి వెళ్లి చూశారు. ఆరోపణల్లో నిజమెంతో తేల్చాల్సింది దర్యాప్తు. కానీ ఇలాంటప్పుడు నిజాయితీగా వ్యాపారం చేసేవాడి బస్తాని కూడా అనుమానంగానే చూస్తారు, తనిఖీకి అతని లారీ కూడా ఆగుతుంది. ఆ నష్టం నుంచి కాపాడాల్సింది వర్తక సంఘాలే. సరుకు ఎక్కడిదో పుస్తకాల్లో చూపలేని సభ్యుణ్ణి బయటికి పంపే ధైర్యం వాటికి ఉండాలి. ప్రభుత్వాన్ని నిలదీయడం తేలిక, పక్క కుర్చీలో కూర్చున్నవాణ్ణి నిలదీయడమే కష్టం. ఆ రెండోది చేయలేని చాంబర్ మొదటిది ఎంత గట్టిగా చేసినా ఢిల్లీలో ఎవరూ చెవిన పెట్టరు.

మీ ఊళ్లోనూ ఒక చాంబర్ ఉండే ఉంటుంది. కాకపోతే మీరు దాని మెట్లు ఎక్కి ఉండరు. ఈసారి వాళ్లు చందా రసీదు చింపే ముందు రెండు ప్రశ్నలు అడగండి. పోయిన ఏడాది ఎవరికి ఏ వినతిపత్రం రాశారు, దానికి ఏ జవాబు వచ్చింది? సభ్యుల్లో పది మంది లోపు పనివాళ్లున్న దుకాణాలు ఎన్ని? జవాబు చెప్పగలిగితే చేరండి. చెప్పలేకపోతే ఇంకా తప్పకుండా చేరండి, వచ్చే సర్వసభ్య సమావేశంలో అదే ప్రశ్న లేచి అడగడానికి.