రెండున్నర మీటర్ల కారు

కారు చిన్నదైతే ప్రమాదం పెద్దదవుతుందా? "అవును, అంతేగా!" అని చాలామంది వెంటనే అనేస్తారు. ఈ జవాబులో కొంత నిజముంది, కొంత పొరపాటుంది. ఏది ఎంత అన్నది తేల్చాలంటే ఒక బుల్లి కారు కథ తెలుసుకోవాలి. దాని పేరు 'స్మార్ట్'. ఒకప్పుడు మన రోడ్లమీద చిన్నకారుగా పేరుబడ్డ మారుతి 800 పొడవు సుమారు 3.3 మీటర్లు. 1998లో యూరప్ రోడ్లమీదికి వచ్చిన మొదటి స్మార్ట్ కారు పొడవు 2.5 మీటర్లే! ఇందులో ఇద్దరు మాత్రమే కూర్చోగలరు.

గడియారాల నుంచి కార్లకు

స్విట్జర్లండ్‌కు చెందిన నికొలస్ హయెక్ 'స్వాచ్' చేతిగడియారాలతో ప్రపంచ ప్రసిద్ధి పొందిన పారిశ్రామికవేత్త. ఇరుకు వీధుల నగరాల్లో తిరగడానికి ఒక చిన్న కారు కావాలని 1980 దశకం చివర ఆయనకు ఆలోచన వచ్చింది. 1991లో ఫోక్స్‌వాగన్ కంపెనీతో ఒప్పందం కుదిరినా, 1993లో ఆ కంపెనీ విరమించుకుంది. 1994లో మెర్సిడెస్ కార్లు తయారుచేసే డైమ్లర్-బెంజ్ చేయి కలిపింది. నిజానికి ఆ కంపెనీ ఇంజనీర్లు 1981లోనే రెండున్నర మీటర్ల నమూనా కారు ఒకటి తయారుచేసి చూశారు.

స్వాచ్, మెర్సిడెస్ అనే పేర్ల మొదటి అక్షరాలకు, 'కళ' అని అర్థమిచ్చే 'ఆర్ట్' అన్న మాటను చేర్చి 'స్మార్ట్' అని పేరు పెట్టారు. ఫ్రాన్స్‌లోని హాంబాక్‌లో 1997లో కర్మాగారం ప్రారంభమైంది. పెట్రోలుతోపాటు విద్యుత్తుతో కూడా నడిచే కారు రావాలన్నది హయెక్ కోరిక. కాని కారు పెట్రోలు ఇంజనుతోనే వచ్చింది. 1998లో ఆయన కంపెనీ ఈ ప్రయత్నం నుంచి తప్పుకుంది.

పీచు, చిప్ప

చెట్టుమీద నుంచి పడిన కొబ్బరికాయ సాధారణంగా పగలదు. ఎందుకని? పైనున్న పీచు నలిగి దెబ్బను తనలో ఇముడ్చుకుంటుంది. లోపలి గట్టి చిప్ప కొబ్బరిని కాపాడుతుంది. మంచి కారు నిర్మాణం కూడా ఇలాగే ఉంటుంది. ముందు, వెనక భాగాలు నలగాలి. మనుషులు కూర్చునే గది నలగకూడదు. మెర్సిడెస్ ఇంజనీరు బేలా బరేన్యీ ఈ సూత్రానికి 1951లోనే పేటెంటు కోరాడు.

నలగడం వల్ల లాభమేమిటో లెక్కవేసి చూద్దాం. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 14 మీటర్లు. వేగం వర్గాన్ని, ఆగేలోపు కదిలిన దూరానికి రెట్టింపుతో భాగిస్తే రుణత్వరణం వస్తుంది. కారు అర మీటరు నలిగి ఆగితే 14 × 14 ÷ 1 = 196. ఇది గురుత్వ త్వరణానికి సుమారు 20 రెట్లు. 10 సెంటీమీటర్లే నలిగితే 14 × 14 ÷ 0.2 = 980. అంటే సుమారు 100 రెట్లు! పీచు ఎంత మందంగా ఉంటే అంత మంచిదన్నమాట.

స్మార్ట్ కారుకు ఆ పీచే తక్కువ. అందుకని ఇంజనీర్లు చిప్పను బాగా గట్టిపరిచారు. ఉక్కుతో బలమైన పంజరం కట్టి, దానికి ప్లాస్టిక్ రేకులు తొడిగారు. ఇంజనును వెనక పెట్టారు. ఎదురుగా ఢీకొన్నప్పుడు అది కాళ్లమీదికి దూసుకు రాదు. ముందున్న కొద్దిపాటి చోటులో నలిగే ఉక్కు పెట్టెలు అమర్చారు.

ఇంకో చిక్కు వచ్చింది. ఎత్తు ఎక్కువ, పొడవు తక్కువ అయిన బండి హఠాత్తుగా మలుపు తిప్పితే పల్టీ కొట్టవచ్చు. 1997 అక్టోబరులో స్వీడన్‌లో జరిగిన ఒక పరీక్షలో మెర్సిడెస్ వారి మరో చిన్న కారు అలాగే బోల్తా పడింది. దానితో స్మార్ట్ విడుదలను సుమారు ఆరు నెలలు వాయిదా వేసి, అది రోడ్డుమీద నిలకడగా ఉండేలా మార్పులు చేశారు. 1998 అక్టోబరులో అమ్మకాలు మొదలయ్యాయి.

ఒకే కారు, రెండు ఫలితాలు

2008లో రెండో తరం స్మార్ట్ కారును అమెరికా భద్రతా సంస్థ ఒకటి గంటకు 64 కిలోమీటర్ల వేగంతో స్థిరమైన అడ్డుకు ఢీకొట్టించింది. ఫలితం 'మంచిది' అని వచ్చింది. 2009లో అదే రకం కారును, దాదాపు రెట్టింపు బరువున్న మెర్సిడెస్ సి-క్లాస్ కారును అదే వేగంతో ఎదురెదురుగా ఢీకొట్టించారు. స్మార్ట్ గాలిలోకి లేచి, ఒకటింపావు చుట్టు తిరిగి పడింది. ఈసారి ఫలితం 'నాసిరకం'. పెద్ద కారు లోపలి గది మాత్రం దాదాపు చెక్కుచెదరలేదు.

కారు అదే, వేగం అదే. మరి ఫలితం ఎందుకు మారింది? కదలని గోడను ఢీకొనడం, అంతే బరువు, అంతే వేగం ఉన్న కారును ఎదురుగా ఢీకొనడంతో సమానం. ఎదుటి కారు బరువైనదైతే లెక్క మారుతుంది.

800 కిలోల కారు, 1600 కిలోల కారు ఒక్కొక్కటి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఢీకొని అతుక్కుపోయాయనుకుందాం. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం రెండూ బరువైన కారు పోతున్న దిశలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. పెద్ద కారు వేగం 60 నుంచి 20కి తగ్గింది. మార్పు 40. చిన్న కారు 60తో ముందుకు పోతున్నదల్లా 20తో వెనక్కు మళ్లింది. మార్పు 80! చిప్ప ఎంత గట్టిదైనా ఈ కుదుపును తప్పించలేదు. పొట్టితనానికి ఇంజనీరు విరుగుడు కనిపెట్టగలడు. బరువులోని తేడాకు పూర్తి విరుగుడు లేదు.

మరి అందరూ పెద్ద కార్లే కొంటే?

అప్పుడు కాలినడకన, సైకిలుమీద పోయేవారి గతేమిటి? ఒకే వేగంతో పోయే రెండు కార్లలో రెట్టింపు బరువున్నదాని గతిశక్తి కూడా రెట్టింపు. తనవారికి రక్షణ ఇచ్చే బరువే ఎదుటివారికి ముప్పు అవుతుంది. వేగం విషయం వేరు. దాన్ని సగానికి తగ్గిస్తే గతిశక్తి నాలుగోవంతుకు పడిపోతుంది. దీనివల్ల చిన్న కారు, పెద్ద కారు, పాదచారి అందరికీ మేలే.

ఇద్దరు కూర్చునే ఈ స్మార్ట్ కారు ఉత్పత్తి 2024లో ఆగిపోయింది. అది నేర్పిన పాఠాన్ని మీరు క్యారమ్ బల్లమీద పరీక్షించవచ్చు. స్ట్రైకరుతో ఒక కాయను సూటిగా కొట్టండి. ఏది ఎక్కువ దూరం ఎగిరిపోయింది? తరువాత ఒక కాయతో మరో కాయను కొట్టి చూడండి. తేడా ఎందుకు వచ్చిందో మీ స్నేహితులకు లెక్కవేసి చెప్పండి.