పాత ల్యాప్‌టాప్‌లో తెలుగు పఠనం: అంధ విద్యార్థుల సౌలభ్యం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పక్కన పెట్టిన పాత ల్యాప్‌టాప్‌ను అంధ విద్యార్థి స్వతంత్రంగా వాడుకొనేలా సిద్ధం చేయడం భారీ వ్యయంతో కూడిన పని కాదు. తెరమీది పాఠ్యాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు ఉచితంగా లభిస్తున్నాయి. అయితే ఆ యంత్రం ఒక తెలుగు వ్యాసాన్ని చదవగలగడం ఆ వ్యాసం ఏ రూపంలో నిక్షిప్తమైందన్న అంశంపై ఆధారపడి ఉంటుంది. యంత్రాన్ని సిద్ధపరిచే క్రమాన్ని వివరించి, పాఠ్యాన్ని సిద్ధపరచడంలో పరిశోధకుల, అధ్యాపకుల బాధ్యతను తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అంధ విద్యార్థులు, స్క్రీన్ రీడర్, యూనికోడ్, ఇన్‌స్క్రిప్ట్, తెలుగు పాఠ్యం.

1. ఉపోద్ఘాతం:
ఉన్నత విద్యలో పఠనం, లేఖనం చాలావరకు కంప్యూటర్ మీదికి మారాయి. చదివి వినిపించే వ్యక్తి తీరికను బట్టి సాగవలసివచ్చిన అంధ విద్యార్థి అధ్యయనానికి ఈ మార్పు స్వేచ్ఛనిచ్చింది. దివ్యాంగుల హక్కుల చట్టం - 2016లోని 42వ సెక్షన్ శ్రవ్య, ముద్రణ, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారం అందుబాటు రూపంలో ఉండేలా చూడవలసిన బాధ్యతను ప్రభుత్వాలకు అప్పగించింది. ఆ హక్కు ఆచరణలోకి రావడానికి రెండు అవసరం: పలికే యంత్రం, పలకదగిన పాఠ్యం.

2. యంత్రం ఎంపిక:
చూపు ఉన్నవారి దృష్టిలో పాతబడిన ల్యాప్‌టాప్ అంధ విద్యార్థికి పనికిరానిది కాకపోవచ్చు. తెర మసకబారినా, గీతలు పడినా అతని పనికి ఆటంకం లేదు. ముఖ్యంగా పరీక్షించవలసినవి మూడు. మొదటిది కీబోర్డు. ఎఫ్, జె మీటలపై ఉండే చిన్న గీతలు అరిగిపోకుండా వేలికి తగలాలి. రెండవది ధ్వని. స్పీకరు పనిచేయకపోతే యంత్రం మొత్తం మూగబోయినట్లే. అందువల్ల ఇయర్‌ఫోన్ రంధ్రాన్నీ పరీక్షించాలి. మూడవది వేగం. మీట నొక్కిన వెంటనే మాట వినిపించకపోతే వాడుకరి అదే మీటను మళ్లీ నొక్కి మరొకచోటికి వెళ్లిపోతాడు. పాత హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డి అమర్చడం ఈ జాప్యాన్ని తగ్గించే మార్గాల్లో ముఖ్యమైనది.

3. స్క్రీన్ రీడర్ అమరిక:
విండోస్‌లో విస్తృతంగా వాడుకలో ఉన్న ఉచిత స్క్రీన్ రీడర్ ఎన్‌విడిఎ. ఆస్ట్రేలియాకు చెందిన అంధుడు మైకేల్ కరన్ 2006లో దీని రూపకల్పన ప్రారంభించాడు. పాత యంత్రాల విషయంలో సంచికను గమనించడం అవసరం. విండోస్ ఎక్స్‌పీలో పనిచేసే చివరి సంచిక 2017.3, విండోస్ 7లో పనిచేసే చివరి శ్రేణి 2023.3. అయితే ఈ రెండు విండోస్‌లకూ భద్రతా మద్దతు ముగిసింది. విండోస్ 10కు కూడా సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. కాబట్టి ఇంటర్నెట్ వాడకం ప్రధానమైనప్పుడు లినక్స్‌ను పరిశీలించవచ్చు. అందులో ఓర్కా అనే ఉచిత స్క్రీన్ రీడర్ ఉంది. ఉబుంటులో ఆల్ట్, సూపర్, ఎస్ మీటలను కలిపి నొక్కితే ఓర్కా మొదలవుతుంది. అయినా వాడుకరికి ఇప్పటికే అలవాటైన పద్ధతిని అతని అంగీకారం లేకుండా మార్చకూడదు. చేతికి వచ్చిన మీటల క్రమమే అతనికి తెర వంటిది.

ఎన్‌విడిఎ ఆదేశాలకు ఇన్సర్ట్ మీట ఆధారం. అంకెల మీటలు విడిగా లేని ల్యాప్‌టాప్‌లలో ల్యాప్‌టాప్ అమరికను ఎంచుకొని, క్యాప్స్ లాక్‌ను కూడా ఆదేశపు మీటగా నియమించడం సౌకర్యం. సంకేతపదం అడిగే తొలి తెర వద్దనే మాట వినిపించేలా సంబంధిత ఎంపికను సిద్ధం చేయాలి. అంతకుముందు వచ్చే బయాస్ దశలో స్క్రీన్ రీడర్ పనిచేయదు. అక్కడ చేయవలసిన మార్పులను యంత్రం అప్పగించకముందే పూర్తిచేయాలి. తెర వెలుతురును కనిష్ఠానికి తగ్గిస్తే పాత బ్యాటరీ మరికొంతసేపు నిలుస్తుంది.

4. తెలుగు వినిపించడం:
ఎన్‌విడిఎతో పాటే వచ్చే ఈస్పీక్ ఎన్‌జి అనే ధ్వని సాధనంలో తెలుగు ఉంది. దీని పరిమాణం చిన్నది. పాత యంత్రానికి భారం కాదు. స్వరం యాంత్రికంగా వినిపించినా, చెవికి అలవాటైన తరువాత అధిక వేగంతోనూ స్పష్టంగా అనుసరించవచ్చు.

అసలు సమస్య ఇక్కడినుండి మొదలవుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల ప్రత్యేక విభాగం ఉంది. అందులోని ప్రతి అక్షరానికీ సొంత సంకేతం ఉంది. స్క్రీన్ రీడర్ ఆ సంకేతాన్ని గుర్తించి పలుకుతుంది. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠ్యంలో మాత్రం నిక్షిప్తమయ్యేవి రోమన్ అక్షరాలు, గుర్తులు. తెలుగు ఆకారం కేవలం ఫాంటు ఇచ్చే రూపం. కంటికి చక్కని తెలుగు పద్యంగా కనిపించేది చెవికి అర్థంలేని గుర్తుల వరుసగా చేరుతుంది. స్కాన్ చేసిన పుస్తకమైతే అక్షరాలే ఉండవు, బొమ్మ మాత్రమే ఉంటుంది. టెసరాక్ట్ వంటి ఉచిత అక్షర గుర్తింపు సాధనాలు తెలుగు బొమ్మలను పాఠ్యంగా మార్చగలవు. అయితే ఒత్తులు, గుణింతాల వద్ద దోషాలు దొర్లుతాయి కనుక మానవ పరిశీలన తప్పదు. 2012 నాటి కాపీరైట్ చట్ట సవరణ, దివ్యాంగుల కోసం గ్రంథాలను అందుబాటు రూపంలోకి మార్చుకొనే వీలును కల్పించింది.

5. తెలుగు లేఖనం:
లేఖనానికి ఇన్‌స్క్రిప్ట్ అమరిక అనుకూలమైనది. ఇందులో అచ్చులు, గుణింతపు గుర్తులు ప్రధానంగా ఎడమచేతి వైపు, హల్లులు ప్రధానంగా కుడిచేతి వైపు ఉంటాయి. 'క' కె మీటపై, పొల్లు డి మీటపై ఉన్నాయి. కె, డి, కె వరుసగా నొక్కితే 'క్క' ఏర్పడుతుంది. హల్లు, పొల్లు, హల్లు అనే ఈ క్రమం వ్యాకరణ సంబంధమైన అవగాహనకు దగ్గరగా ఉండడం గమనార్హం. పాఠాంతరాల పరిశీలన, ఛందోవిశ్లేషణ వంటి పనులలో వాక్యాన్ని వినడం చాలదు. ఒక్కొక్క అక్షరాన్నీ విడిగా పలికించుకోవాలి. బ్రెయిలీ ప్రదర్శిక అందుబాటులో ఉంటే ఎన్‌విడిఎ ద్వారా తెలుగు బ్రెయిలీలోనూ చదవవచ్చు.

6. ముగింపు:
యంత్రాన్ని సిద్ధం చేసే పని ఒక్కసారితో ముగుస్తుంది. పాఠ్యాన్ని సిద్ధం చేసే పని ప్రతి వ్యాసంతోనూ మొదలవుతుంది. అధ్యాపకుడు ఇచ్చే పాఠం, పరిశోధకుడు సమర్పించే సిద్ధాంతగ్రంథం యూనికోడ్‌లో ఉన్నాయో లేదో తెలుసుకోవడం తేలిక. ఒక వాక్యాన్ని నకలు చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించాలి. తెలుగు అక్షరాలు వస్తే సరి. రోమన్ గుర్తులు వస్తే ఆ రచన అంధ పాఠకుడికి చేరదు. యూనికోడ్‌లో రాసినవైనా, పీడీఎఫ్‌గా మారినప్పుడు కొన్నిసార్లు సంయుక్తాక్షరాలు చెదిరిపోతాయి. అందువల్ల మూల వర్డ్ ఫైలును కూడా అందించడం మేలు. ఈ జాగ్రత్త లోపిస్తే ఎంత ఖరీదైన ల్యాప్‌టాప్ అయినా తెలుగు వ్యాసం ముందు మౌనం వహిస్తుంది. ఈ జాగ్రత్త పాటిస్తే పాత యంత్రం కూడా ఆ వ్యాసాన్ని అంధ విద్యార్థికి అందించగలదు.