కఱచెడి కుందేలు

సాధుజంతువులలో కుందేటిని మించినది లేదని మనలో పెక్కండ్ర నమ్మకము. ఆ నమ్మకముతోడనే, పిల్లలు మారాము చేయగా, పెద్దలు పట్టణమునుండి తెల్లని కుందేటికూన నొకదానిని గంపలో తెచ్చి యింట బెట్టుదురు. మూడు నాలుగు మాసములు అది యొడిలోనే నిద్రించును. పిమ్మట నొకనాడు బోనులో చేయిపెట్టిన పిల్లదాని వ్రేలు పట్టి నెత్తురు వచ్చునట్లు కఱచును. అంతటితో దాని సాధుత్వము కుందేటికొమ్మయి పోవును. తిన్నయింటి వాసములు లెక్కించు జంతువని యొకరందురు. రెండు తగిలించిన బుద్ధి వచ్చునని యొకరందురు. తీసికొనిపోయి నల్లమలలో విడిచి రమ్మని యింకొకరందురు. తాము పట్టిన కుందేటికి మూడేకాళ్లని వాదించువారితో మాకు పనిలేదు గాని, ఆ కాటునకు కారణ మరయగోరు గృహిణులకు మాత్రము మాకు తెలిసినంత విన్నవించెదము.

ముందుగా నొక భేదము. మా అచ్చంపేట పరిసరములలో చెవులపిల్లి యన్నచో, చేలగట్లను నల్లమల యంచులను రాత్రివేళ మేయుచు దిరుగు మట్టివన్నె జంతువు స్ఫురించును. అది వేఱు, మన బోనులోనిది వేఱు. అడవికుందేటి పిల్లలు బొచ్చుతో, తెఱచిన కన్నులతో నేలపైననే పుట్టును. పెంపుడు కుందేటి పిల్లలు బొచ్చులేక, కన్నులు మూసికొని పుట్టును. దీని పూర్వులు స్పెయిన్ దేశపు బొరియలలో వసించినవి. అడవికుందేటిని పట్టుటయు పెంచుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నేరము. పొలములో ఒంటరిగా కనబడిన కూన దిక్కులేనిది కాదు. తల్లి పగలెల్ల దూరముగా నుండి చీకటివేళ వచ్చి పాలిచ్చును. దానిని తాకక విడువవలయును.

కుందేలు ఎదురుతిరుగుట మనకు క్రొత్తకథయు గాదు. హరిహర బుక్కరాయల వేటకుక్కలపై కుందేలు తిరుగబడెననియు, ఆ చోటనే విద్యారణ్యులవారి యానతిమీద విజయనగరము వెలసెననియు ఐతిహ్యము. దానిని పెద్దలు స్థలమహిమ యనిరి. ఇంటిలోని కుందేటి తిరుగుబాటునకు అంత మహిమ యక్కఱలేదు; భయమొక్కటే చాలును.

నక్కకును గ్రద్దకును కుక్కకును ఆహారమైన ప్రాణి యిది. దాని శరీరమంతయు తప్పించుకొని పాఱుటకే యేర్పడినది. కన్నులు తలకు రెండుప్రక్కల నుండుటచే వెనుకనుండి వచ్చునదియు, మీదనుండి వచ్చునదియు దానికి కనబడును గాని, ముక్కునకు సరిగా నెదుట, గడ్డము క్రింద నున్నది కనబడదు. మనము ప్రేమతో చేయిచాచి సరిగా ఆ మూతిముందే పెట్టుదుము! వాసనయు మీసములకు తగిలిన స్పర్శయు మాత్రమే దానికి తెలియును. అదేమో యని పంటితో పరీక్షించును. ఎఱ్ఱకన్నుల తెల్లకుందేళ్లకు చూపు మఱింత మందము; అవి తల నటునిటు ఊపుచు చూచుట యందుకే. ఆ చేయి యింతకు ముందే క్యారెట్టు తరిగినదో, పిల్లిని నిమిరినదో యైనచో జరుగబోవునది చెప్పనక్కఱలేదు. కావున ముందుగా పేరుపెట్టి పిలిచి, ప్రక్కనుండి వచ్చి, నుదురు నిమురుట మేలు.

ఎత్తుకొనుట అంతకంటె దానికి సహింపరానిది. మీదనుండి వచ్చి నడుము పట్టి నేలనుండి లేపువాడు దాని దృష్టిలో గ్రద్దయే. చెవులు పట్టి ఎత్తుట కేవలము హింస. గింజుకొనుచు వెనుకకాళ్లతో తన్నిన తన్నుకు దాని వెన్నెముకయే విఱిగిపోవచ్చును. పసిపిల్లలను నేలపై కూర్చుండబెట్టి, కుందేటినే వారికడకు రానీయవలయును. ఎత్తక తప్పనిచో పెద్దవారు ఒకచేయి ఱొమ్ముక్రిందను, ఒకచేయి పిఱుదులక్రిందను ఉంచి, తమ దేహమున కానించి పట్టుకొనవలయును.

అంతవఱకు ముద్దుగా నున్నది అకస్మాత్తుగా మాఱెనని తఱచు వినుచుందుము. అది యీడేరినదని గ్రహింపరు. 4 మొదలు 6 మాసముల ప్రాయమున మగది కాళ్లచుట్టు తిరిగి మడమలను కఱచును, మూత్రము చిమ్మును. ఆడుదానికి బోనే తన గృహము. అందులో చేయిపెట్టువారెల్ల దొంగలు. ఒక్కొకప్పుడది గర్భము లేకయే గర్భవతి నని భ్రమించి, తన బొచ్చు తానే పెఱికి పడక యమర్చుకొని, 16 లేక 18 దినములు ఎవ్వరిని దరిజేరనీయదు. అప్పుడు దాని గూటిని కదలింపక మేతయు నీరును పెట్టి యూరకుండుటయే యుక్తము. శాశ్వతోపాయము సంతానము కలుగకుండ చేయు శస్త్రచికిత్స. దీనిచే ఆడుకుందేళ్లకు ముదిమిలో గర్భకోశమున వచ్చు క్యాన్సరు కూడ తప్పును. కుందేలు చిన్నప్రాణి గనుక మత్తుమందు ఇచ్చుట సున్నితమైన పని; ఇదివఱకు కుందేళ్లకు చికిత్స చేసిన వైద్యునినే వెదకవలయును. హైదరాబాదునందు రాజేంద్రనగరున పశువైద్య కళాశాల కలదు, అచ్చట విచారింపవచ్చును.

మా యెఱుకలోని యొక యింట కుందేలు తల్లిని మాత్రమే కఱచెడిది. బాలికను ముట్టెడిది కాదు. మేత పెట్టునది తల్లి, నీరు మార్చునది తల్లి, బోను కడుగునది తల్లి. "చాకిరి నాది, చెలిమి దానిదా వదినా?" యని ఆమె మాతో కన్నీరు పెట్టుకొన్నది. చూడగా సంగతి స్పష్టమే. బాలిక బోనుతలుపు తెఱచి చాపపై పరుండి యూరకుండెడిది. కుందేలు తానై వచ్చెడిది. తల్లియో ప్రొద్దుటి వంటతొందరలో చీపురు చేతబట్టి పైనుండి బోనులోనికి వంగెడిది. ముందు దానిని బయటికి పోనిచ్చి, పోయిన పిదపనే బోను ఊడ్వుమంటిమి. మధ్యాహ్నము బియ్యములో రాళ్లేఱునపుడు నేలపై కూర్చుండి, దానివంక చూడక, చేయి చాపక, తన పని తాను చేసికొనుమంటిమి. మొదటి వారము అది మూలనుండి కదలలేదు. తరువాత చేటయంచు వాసన చూచెను. మాసము నిండునప్పటికి ఆమె కొంగుపై గడ్డము రాచెను. గడ్డముక్రింది వాసన పూసి "ఇది నాది" యని చెప్పుకొనుట ఆ జంతువుల వాడుక. నాటినుండి కాటు లేదు. చీపురును చూచినపుడు మాత్రము నేటికిని గుఱ్ఱుమనును. దానిని మేము తప్పుపట్టజాలము.

పంటిగాటులన్నియు కాట్లు గావు. చీర చెఱగు పట్టి లాగినచో "అడ్డు తొలగుము" అనియో, "నన్ను నిమురుము" అనియో యర్థము. నిజముగా కఱవబోవునది ముందుగా చెప్పియే కఱచును: చెవులు వెనుకకు వాల్చును, తోక నిక్కించును, గుఱ్ఱుమనును, వెనుకకాలితో నేలను దబ్బున కొట్టును. అప్పుడే చేయి నిలుపవలయును. కఱచిన పిదప మాత్రమే విడిచిపెట్టినచో, మాటకంటె కాటే పనిచేయునని దానికి తెలిసిపోవును. బోను సందులలోనుండి ఆకులందించుటయు మానుడు. ఆ సందులో వచ్చునది వ్రేలో ఆకో దానికి తెలియదు.

బహుకాలము సాధువుగా నుండి, వయసు మీఱిన తరువాత కఱవ మొదలిడినచో నొప్పియున్నదేమో చూడవలయును. కుందేటి పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. ముందుపండ్లు వారమునకు సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగును. గడ్డి నమలి అరుగనిచో దవడపండ్లు మొనదేలి నాలుకను బుగ్గలను గీరును. అన్నము, రొట్టె, బిస్కత్తులు పెట్టి గడ్డి మఱచుట మన యిండ్లలోని తెగులు. మేతలో అధికభాగము గరికయు ఎండుగడ్డియు నుండవలయును. ఉల్లి, వెల్లుల్లి ముట్టింపరాదు. ఇనుపతీగల నేలపై నిలిచి పాదములు పుండ్లు పడుటయు కలదు. మా మెట్టప్రాంతపు వేసవి మఱియొక బాధ. 30 డిగ్రీలు దాటిన వేడిమియే కుందేటికి కష్టము. ఇచ్చట వైశాఖమున 40 దాటుట సాధారణము. ఆ దినములలో తడిగోనె వ్రేలాడగట్టిన చల్లని మూల నిచ్చి, దానిజోలికి పోకుండుటయే సేవ. పూటంతయు మేత ముట్టక, పెంటికలు వేయక యున్నచో అది యలుక గాదు, ప్రాణాపాయము. నాడే వైద్యునికి చూపవలయును.

కఱచిన క్షణమున చేయి గుంజుకొన్నచో చర్మము చీలును. "అమ్మా" యని ఒక్కమాఱు గట్టిగా పలికి కదలక నిలిచినచో చాలవఱకు విడుచును. కొట్టుటయు, మూతిపై మొట్టుటయు నిష్ప్రయోజనము; దెబ్బకు కారణము దానికి తెలియదు, చేయి శత్రువని మాత్రము తెలియును. గాయమును పాఱెడి నీటిక్రింద సబ్బుతో 15 నిమిషములు కడుగవలయును. సున్నము, కాఫీపొడి అద్దరాదు. లోతైన గాటైనచో ధనుర్వాతపు సూదిమందును గూర్చి వైద్యుని నడుగుడు. కుందేళ్లవలన రేబిస్ వ్యాధి సోకుట మిక్కిలి అరుదు. అయినను పెరటిలో తిరుగు కుందేటిని ఇటీవల కుక్కయో ముంగిసయో కఱచియుండునేని, ఆ మాట దాపక చెప్పవలయును. మఱునాటికి వాపు, ఎఱ్ఱదనము, జ్వరము కనబడినను జాగు చేయరాదు.

ఇక నల్లమలలో విడుచుట. మన్ననూరు మీదుగా శ్రీశైలము పోవు బాటలో అమ్రాబాదు పులుల అభయారణ్యము కలదు. అచ్చట విడిచిన కుందేటికి విముక్తి కలిగినదని కొందఱు పుణ్యముగా దలతురు. తెల్లని మేను చీకటిలో దీపమువలె కనబడును. బొరియ లేదు, తోడు లేదు, ఏ చప్పుడునకు పాఱవలయునో నేర్పిన తల్లి లేదు. తెల్లవాఱువఱకు బ్రదుకుట కల్ల. 1859లో ఆస్ట్రేలియాలో థామస్ ఆస్టిన్ అను భూస్వామి వేటకై విడిచిన రెండు డజన్ల కుందేళ్ల సంతతి ఆ ఖండమునే ముంచినది గదా యని చదువుకొన్నవారు మమ్మడుగుదురు. వానిలో అడవిరక్తము కలదు. మన బోనులోనిది బ్రదుకదు; ఒకవేళ బ్రదికినను తన రోగములను అడవికుందేళ్ల కంటింపగలదు.

ఎన్ని విధముల యత్నించినను సాకలేనివారు దానిని వేఱొక యింటికి ఇచ్చుటయే తగును. ఇచ్చునపుడు అది కఱచునని, ఏవేళ కఱచునని, దేనిని చూచి బెదరునని విప్పి చెప్పి యియ్యవలయును. కుందేలు 8 మొదలు 12 ఏండ్లు జీవించును గనుక, తీసికొనువారికి ఆ లెక్కయు తెలియవలయును. బోనుతోపాటు, అది గడ్డము రాచి తన వాసన పూసికొన్న పాతగుడ్డ నొకదానిని ఉదుకక పంపినచో క్రొత్తచోట త్వరగా కుదుటపడును.