కరువునాడు లేచిన గోపురము

సంగారెడ్డి, పటాన్‌చెరువు ప్రాంతముల విద్యార్థులకు మెదకు పరాయి ఊరు కాదు. 2016 అక్టోబరు 11 వరకు ఈ సీమ అంతయు మెదకు జిల్లాయే. ఆ జిల్లాకు సంగారెడ్డియే కేంద్రము. కర్మాగారముల పొగగొట్టములు దాటి, పొలముల నడుమ ఉత్తరముగా సాగిపోయినచో మెదకు పట్టణము వచ్చును. అచట ఆకాశము నంటుచున్నట్లు కనిపించు గంటగోపురము ఎత్తు 175 అడుగులు. దాని వెనుకనున్న మందిరము 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు కలది. అందు 5,000 మంది ఒక్కసారి కూర్చుండి ఆరాధన చేయవచ్చునని ప్రసిద్ధి. ఈ మందిరము రూపమున ఇంగ్లండు నాటిది. రాతియందును, చెమటయందును మన సీమది. ఈ రెండును ఎట్లు కలిసినవో తెలిసికొనుట మంచి చరిత్ర పాఠము.

ముందుగా రూపమును గూర్చి విచారింతము. మధ్యయుగమున ఇంగ్లండులో పెక్కు గ్రామములకు ఒక చర్చి యుండెడిది. అట్టివి నేటికిని వేల సంఖ్యలో నిలిచియున్నవి. ఆ కట్టడమున ముఖ్యభాగములు మూడు: గంటలు మ్రోగు గోపురము, జనులు కూడు పొడవైన మధ్యశాల, గురువు పూజ జరుపు గర్భాలయము వంటి తూర్పు భాగము. ఇందొక విశేషము కలదు. పదుమూడవ శతాబ్ది నుండి తూర్పు భాగమును బాగుచేయించు భారము ఆ చర్చి ఆదాయమును అనుభవించు గురువుది. మధ్యశాల భారము మాత్రము గ్రామస్థులది. కప్పు కారినను, గోడ పగిలినను వారే చందాలు వేసికొనవలెను. కావున మధ్యశాల ఊరివారి సొత్తువలె నుండెడిది. ఊరి కూటములును, ఉత్సవములును పెక్కుచోట్ల అందే జరిగెడివి. మన పల్లెలలో రచ్చబండకును, గుడి మండపమునకును గల స్థానము అచట ఆ శాలకు దక్కినది.

ఆ చర్చిలకు శోభ తెచ్చినది మొనదేలిన కమాను. అర్ధవృత్తపు కమానులో వెడల్పు ఎంతయో ఎత్తు అందులో సగమే యగును. మొనదేలిన కమాను అట్లు కాదు. వెడల్పు మార్చకయే ఎత్తు పెంచుకొనవచ్చును. పైబరువును అది ఎక్కువగా క్రిందికే దింపును గనుక ప్రక్కకు త్రోయు బలము తగ్గును. ఆ మిగిలిన త్రోపును వెలుపలి ఆనుగోడలు ఓర్చుకొనును. అందుచేత నడుమ గోడను తగ్గించి పెద్ద కిటికీలు పెట్టుటకు వీలు కలిగినది. పన్నెండవ శతాబ్దిలో ఫ్రాన్సు దేశమున రూపుదిద్దుకొని ఇంగ్లండునకు వ్యాపించిన ఈ పద్ధతినే గోథిక్ శైలి యందురు.

అయినను మొనదేలిన కమాను దక్కనుకు క్రొత్తది కాదు. 1213లో నిర్మితమైన రామప్ప గుడిలో స్తంభములపై రాతి దూలములు నిలిపిన పద్ధతి కలదు. పిదప బహమనీ సుల్తానుల కాలమున, కుతుబ్‌షాహీల కాలమున మొనదేలిన కమాను ఇచట వేళ్లూనినది. 1367 నాటి గుల్బర్గా జామా మసీదులోను, 1591 నాటి చార్మినారులోను దానిని చూడవచ్చును. అనగా ఒకే ఉపాయము ఒక దారిని పశ్చిమాసియా నుండి సుల్తానులతో వచ్చినది. మరియొక దారిని ఇంగ్లండు నుండి మిషనరీలతో మెదకు చేరినది.

ఆ రెండవ దారిని తెచ్చినవాడు రెవరెండ్ చార్లెస్ వాకర్ పోస్నెట్. ఈయన 1895లో సికిందరాబాదుకు వచ్చి, తొలుత తిరుమలగిరిలో ఆంగ్ల సైనికులకు గురువుగా నుండెను. పిమ్మట పల్లెలకు తరలి మెదకును తన నెలవు చేసికొనెను. ఆయన వెస్లియన్ మెథడిస్టు సంఘమువాడు. ఆ సంఘమునకు మూలపురుషుడు జాన్ వెస్లీ (1703–1791). వెస్లీ నాటి మెథడిస్టులు సాదా మందిరములను కట్టుకొనిరి. గోపురములును, చిత్రములును వారికి పట్టలేదు. అయితే పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండున మధ్యయుగపు శైలిపై మోజు మరల లేచినది. 1834లో కాలిపోయిన పార్లమెంటు భవనమునకు బదులు కట్టిన క్రొత్త సౌధము కూడ గోథిక్ రీతిదే. ఆ గాలి మెథడిస్టులను సైతము తాకినది. అందువలననే పోస్నెట్ మందిరమునకు ఆ ప్రాచీన రూపము వచ్చినది.

నిర్మాణము 1914లో మొదలైనది. అదే యేట ఐరోపాలో మహాయుద్ధము రేగినది. ఇచట కరువు వచ్చినది. పొలమున పని లేక, ఇంట గింజ లేక జనులు అలమటించు ఆ దినములలో మందిర నిర్మాణము వారికి జీవనాధార మైనది. పనికి ప్రతిగా తిండి దొరకెడిది. ఇంగ్లండున ఊరివారు తమ మధ్యశాలను చందాలతో నిలుపుకొనిరి. మెదకు సీమవారు ఈ శాలను ఆకలితో, చేతుల సత్తువతో లేపిరి. పదేండ్లు గడచినవి. 1924 డిసెంబరు 25న, క్రిస్మసునాడు, మందిర ప్రతిష్ఠ జరిగినది.

1947లో దక్షిణ భారతమున పలు ప్రొటెస్టంటు సంఘములు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడినవి. బ్రిటిషు మెథడిస్టులకు బిషప్పులు లేరు. క్రొత్త సంఘములో బిషప్పులు కలరు. మెదకు ఒక బిషప్పుకు పీఠమైనది. బిషప్పు ఆసనమున్న చర్చినే కెథడ్రల్ అందురు గనుక, గోడ ఒక్క రాయి యైనను మారకయే ఈ మందిరము కెథడ్రల్ అయినది.

లోపల కనులు చెదరజేయునవి మూడు రంగుటద్దముల కిటికీలు. ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ వీనిని చిత్రించెను. క్రీస్తు ఆరోహణమును తెలుపు కిటికీ 1927లోను, జననమును తెలుపునది 1947లోను, సిలువ ఘట్టమును తెలుపునది 1958లోను అమరినవి. అద్దముపై పడి వెనుకకు మరలు వెలుగుతో కాక, అద్దము గుండ లోనికి వచ్చు వెలుగుతో ఈ బొమ్మలు కనిపించును. అందుచేత ప్రొద్దు క్రుంకిన పిదప లోపలివారికి అవి నల్లని పలకలే. వెలుగు పాఠము చెప్పు ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి ప్రయోగశాల దొరకదు.

గణితమునకును ఇచట తావు కలదు. సమతలమున ఒక నాలుగడుగుల కర్రను నిటారుగా నిలిపి దాని నీడను కొలువుడు. అదే క్షణమున గోపురపు నీడను, గోపురము అడుగు నడిమి నుండి నీడ కొన వరకు కొలువుడు. సరూప త్రిభుజముల సూత్రముతో గోపురపు ఎత్తు తేలును. లెక్క 175కు ఎంత దగ్గరగా వచ్చినదో పిల్లలే సరిచూచుకొందురు.

అన్నిటికంటె విలువైన పాఠము మరియొకటి కలదు. పోస్నెట్ పేరు, సాలిస్‌బరీ పేరు గ్రంథములలో నిలిచినవి. రాయి మోసినవారి పేర్లు ఇండ్లలో మాత్రమే నిలుచును. 2024తో మందిరమునకు నూరేండ్లు నిండినవి; ఆ కరువును చూచిన కనులు మూతపడినవి. ఆ కథను తాతల నోట విన్న మనుమలు ఈ సీమ పల్లెలలో ఇంకను ఉందురు. నేడు వారును వృద్ధులే. ఉపాధ్యాయులు తమ విద్యార్థులను వారి చెంతకు పంపి, విన్నది విన్నట్లు వ్రాయింపవలెను. ఎవరు ఏ ఊరినుండి నడచి వచ్చిరి, ఏ పని చేసిరి, కూలి ఏ గింజ రూపమున దొరకెను అను మూడు ప్రశ్నలు చాలును. రాయి తనంతట తాను మరి నూరేండ్లు నిలువగలదు. మాట నిలువవలెనన్న ఎవరో ఒకరు దానిని వ్రాసికొనవలెను.