ఫిల్టర్ పెట్టినా తగ్గని మొత్తం

ఎరువుల దుకాణం అమ్మకాలు ఎక్సెల్‌లో నాలుగు వరుసలుగా ఉన్నాయనుకుందాం. యూరియా 1,200, డీఏపీ 3,000, మళ్లీ యూరియా 800, పొటాష్ 1,500 రూపాయలు. మొత్తం 6,500. ఫిల్టర్ పెట్టి యూరియా ఒక్కటే ఉంచితే తెరమీద రెండు వరుసలే మిగులుతాయి. రావలసింది 2,000. మొత్తం మాత్రం 6,500 దగ్గరే ఉంటుంది!

ఇందులో ఎక్సెల్ కూడిక తప్పలేదు. ఫిల్టర్ వరుసల్ని చెరిపెయ్యదు, కనబడకుండా చేస్తుందంతే. సమ్ ఫార్ములా తనకు చూపిన సెల్స్ అన్నిటినీ కూడేస్తుంది, ఏది దాగి ఉందో దానికి పట్టదు. సమ్‌ఇఫ్ కూడా అంతే. ఫిల్టర్‌లో మిగిలినవాటినే కూడేది సబ్‌టోటల్. దాని బ్రాకెట్లో ముందు ఒక అంకె ఇవ్వాలి: 1 అంటే సగటు, 9 అంటే కూడిక. 9 ఇస్తే 2,000 వచ్చేస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఫిల్టర్ తీసేసి, 800 ఉన్న వరుసను మనమే హైడ్ చేశామనుకోండి. 9 ఇచ్చిన సబ్‌టోటల్ మళ్లీ 6,500 చూపిస్తుంది. ఫిల్టర్ దాచినవాటిని అది వదిలేస్తుంది కానీ, చేత్తో దాచినవాటిని కలుపుకుంటుంది. రెండు రకాలనూ వదలాలంటే 109 ఇవ్వాలి, అప్పుడు 5,700 వస్తుంది. ఎవరెవరో చేతులు పెట్టే ఫైలుకు నా ఓటు 109కే.

మధ్యమధ్య ఉపమొత్తాలున్న పట్టికలో ఇంకో ప్రమాదం ఉంది. సబ్‌టోటల్ తన పరిధిలోని ఇతర సబ్‌టోటల్‌లను దాటేస్తుంది. ఆ ఉపమొత్తాలు సమ్‌తో రాసినవైతే మామూలు అంకెలనుకుని, అదే డబ్బును రెండోసారి కూడుతుంది.

మొత్తం తక్కువగా వస్తే అంకెలు టెక్స్ట్‌గా పడ్డాయేమో చూడండి. మరో సాఫ్ట్‌వేర్ నుంచి దించుకున్న ఫైళ్లలో ఇది మామూలే. అలాంటి అంకెలు సాధారణంగా సెల్‌లో ఎడమవైపుకు జరిగి ఉంటాయి, కూడికలోకి రావు. కనబడే ఒక్క సెల్‌లో ఎర్రర్ ఉన్నా సబ్‌టోటల్ అంతా ఎర్రరే. దానికి ఎక్సెల్ 2010లో వచ్చిన అగ్రిగేట్ ఉంది. ముందు 9, తర్వాత 7 ఇస్తే దాచిన వరుసల్నీ ఎర్రర్లనూ వదిలి కూడుతుంది.

మొత్తాన్ని శీర్షికల పైన పెట్టుకోండి, ఫిల్టర్‌లో మాయం కాదు. డేటా మార్చాక ఫిల్టర్‌ను మళ్లీ వర్తింపజేయండి, అది తనంతట తాను మారదు. ఫిల్టర్ చేసిన అంకెల్ని సెలెక్ట్ చేస్తే ఎక్సెల్ అడుగు పట్టీలో కనబడేవాటి మొత్తం వస్తుంది. ఎవరికైనా లెక్క పంపేముందు దాన్ని మీ ఫార్ములాతో ఒకసారి సరిపోల్చుకోండి.