బర్జాన్ కింద నీళ్లు, కరానా అడుగున మట్టి

దోహా నుంచి ఉత్తరాన ఇరవై కిలోమీటర్లు పోతే ఉమ్ సలాల్ మొహమ్మద్. ఊరికి గుర్తు బర్జాన్ బురుజులు. 19వ శతాబ్దం చివర్లో షేక్ మొహమ్మద్ బిన్ జాసిమ్ అల్ థానీ కట్టించారు. నెలవంకను చూసేందుకని, ముత్యాల పడవలను కనిపెట్టేందుకని చెబుతారు. ముఖ్యమైన కాపలా మాత్రం నీళ్లకే. నది అన్నదే లేని ఖతర్‌లో ఏడాదంతా కలిపి పడే వాన సుమారు 75 మిల్లీమీటర్లు. మన దగ్గర ఒక్క ముసురుకే అంత పడుతుంది. ఆ వాన ఒండ్రుతో సహా చేరే పల్లాన్ని రౌదా అంటారు. గడ్డి మొలిచేది, మన రేగుకు దగ్గరి చుట్టమైన సిద్ర్ చెట్టు బతికేది అక్కడే.

చుక్క నీటికి బురుజు కట్టిన దేశంలోనే కరానా మడుగూ పుట్టింది. దోహాకు నైరుతిన, సల్వా దారిలో. నగరం పెరిగినంత జోరుగా మురుగు పైపులు పడలేదు. ట్యాంకర్లు మురుగునూ ఫ్యాక్టరీల వ్యర్థజలాలనూ తెచ్చి ఎడారిలో వదిలేవి. విచిత్రమేమంటే, ఆ కంపు నీళ్లకే ఫ్లెమింగోలు వచ్చాయి. సూళ్లూరుపేటలో మనం పండుగ చేసేది వాటికే. కాబట్టి పక్షులొచ్చాయి, చెరువు బాగుపడిందని మురిసిపోయే నాయకుల మాట నేను నమ్మను.

ప్రజాపనుల సంస్థ అష్ఘాల్ ఆ చెడ్డ నీటిని తీసేసి ఊరుకోలేదు. విషం చేరిన మట్టినీ తవ్వించింది. తర్వాతే శుద్ధి చేసిన నీటితో కొత్త మడుగులు నింపింది. ఖర్చూ తిప్పలూ ఆ మట్టి దగ్గరే.

హైదరాబాద్ శివారు పారిశ్రామికవాడ పటాన్‌చెరులో మనం తప్పించుకున్నదీ ఆ మట్టి పనే. కాలుష్యంపై 1990లోనే కేసు సుప్రీంకోర్టుకెక్కింది. ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. అయినా 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించిన లెక్క ప్రకారం, శుద్ధయి బయటికొచ్చిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. తర్వాత 18 కిలోమీటర్ల పైపు వేసి ఆ నీటిని అంబర్‌పేట వైపు మళ్లించారు. పైపు నీటిని మోసుకుపోతుంది గానీ, ఇసకవాగు, నక్కవాగు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న బురదను కాదు.

అలాగని కరానాను ఆకాశానికెత్తనక్కర్లేదు. అది వాన నింపే రౌదా కాదు. దోహా వాడి వదిలిన నీళ్లు శుద్ధయి వస్తున్నంత కాలమే మడుగు.